పెట్టెల మీద తీర్పు

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడ్చాడంటారు. మేం గెలిచినవాళ్ళం. తీర్పు వచ్చిన రోజు బాతులు కోయించి, పెద్ద గంగాళం నిండా నూడుల్స్ సూప్ కాయించింది నేనే. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఏదో కీడు శంకించింది మనసు.

మా కాలనీ పేరు ఎర్లెన్‌బాక్. కెనడాలోని ఆల్బర్టాలో, లెత్‌బ్రిడ్జ్‌కి కిందగా, గాలి ఒక్క రోజైనా ఊరుకోని మైదానంలో ఉంటుంది. మేం హట్టరైట్లం, క్రీస్తుని నమ్ముకుని ఉమ్మడిగా బతికేవాళ్ళం. నేల, ట్రాక్టర్లు, పందులు, బాతులు, తినే కంచాల దాకా అన్నీ అందరివీ. నాది అనుకోవడమే పాపం మాకు. వంటిల్లు ఒకటే, దాని మీద పెత్తనం నాది. నా పేరు డొరొథియా. నా నోటికి జడవని మనిషి ఈ కాలనీ మొత్తం మీద మా బావగారు జకారియాస్ ఒక్కడే. మా ఆయనకి అన్న, కాలనీకి బోధకుడు. ఆయన గొంతు పెంచడు. పెంచకుండానే అందరూ వింటారు.

అన్నీ అందరివీ అన్నాను గానీ, ఒకటుంది. మాలో ఆడపిల్లకి పదిహేనేళ్ళు నిండితే వడ్రంగి ఓ చెక్కపెట్టె చేసిస్తాడు. తాళం, తాళంచెవి, మూత మీద పూలతీగల మధ్య పిల్ల పేరు. దుప్పట్లు, తలగుడ్డలు, చిన్ననాటి గోరుముద్దల గిన్నె, ఇంకా ఏవేవో అందులో పెట్టుకుంటుంది. ఆ పెట్టె మొగుడు తియ్యడు, అత్త తియ్యదు. ఆవిడ పోయాక అక్కో చెల్లో తీస్తారు. ఇలా ఉండాలని ఎవరూ ఎక్కడా రాయలేదు. రాయని మాటలే మాలో గట్టివి.

నా అన్నకూతురు జస్టీనా పెట్టెలో ఏముందో నాకు తెలుసు. దాని కొడుకు ఆంటన్, నాలుగేళ్ళవాడు, రక్తంలో జబ్బు చేసి కాల్గరీ ఆస్పత్రిలో పోయాడు. పోయే ముందు ఓ పూట కాస్త తేరుకుని మంచం మీద కూచుని నవ్వుతుంటే, అక్కడి నర్సొకావిడ ఫోటో తీసి దీని చేతిలో పెట్టింది. పాపం, మా సంగతి ఆవిడకేం తెలుసు? మనిషి రూపం కాగితం మీద ఉంచుకోవడం మాకు విగ్రహాన్ని కొలిచినట్టే. తెలిస్తే పొయ్యిలో పెట్టాల్సిందే.

"అత్తా, వాడి మొహం మర్చిపోతున్నానే," అంది ఓసారి, పాలగదిలో నా భుజం మీద తల పెట్టి. "పెట్టె తీసి చూస్తేనే గుర్తొస్తోంది. మూత వేసేసరికి మళ్ళీ పోతోంది."

"నేనేం వినలేదు, నువ్వేం చెప్పలేదు," అన్నాను. దాని మొగుడు రూబెన్‌కి కూడా తెలీదు. వాడికి పంది పిల్లలు తప్ప ప్రపంచం లేదులెండి.

అలా ఉండగా పన్నులవాళ్ళ దగ్గర్నించి ఒకాయన లెక్కలు చూడ్డానికి వచ్చాడు. వచ్చినవాణ్ణి కాఫీ ఇవ్వకుండా పంపే అలవాటు మాకు లేదు. జస్టీనా ఇల్లు దగ్గర గనక అక్కడ కూచోబెట్టాం. రేవల్‌చీని కాడలతో కాల్చిన తీపి రొట్టె పెట్టాం. తిన్నాడయ్యా మహానుభావుడు, పళ్ళెం నాకినంత పని చేశాడు. తిని, గోడవార పెట్టె చూశాడు.

"బాగుందే! ఈ పేరు ఎవరిది?"

"నాదేనండీ," అంది జస్టీనా.

"తాళం కూడానా?"

"మా ఆడవాళ్ళందరికీ ఉంటాయండీ," అని నవ్వింది. ఆయనా నవ్వాడు. నవ్వుతూనే రాసుకున్నాడు.

మాలాంటివాళ్ళ కోసం పన్ను చట్టంలో ఓ వాక్యముందట. తన సభ్యుల్లో ఎవరినీ సొంతంగా ఏ ఆస్తీ ఉంచుకోనివ్వని సంస్థ అయితే, వచ్చిన రాబడిని మనుషులందరి మీదా పంచి పన్ను కట్టుకోవచ్చు. అలా కాకపోతే అంతా ఒకే నెత్తిన పడుతుంది. అది కూడా వెనకటి ఏళ్ళన్నీ తవ్వి మరీ. నేల అమ్మితే తప్ప తీరదు, నేల పోతే కాలనీ లేదు. పెట్టెలున్నాయి, పేర్లున్నాయి, తాళాలున్నాయి గనక మీరు ఆ వాక్యం కిందకి రారని కాగితం పంపించారు.

మావాళ్ళు కోర్టు గుమ్మం తొక్కరు. ఆకురాలే కాలమంతా మగాళ్ళు కూచుని గడ్డాలు నిమురుకుంటూ వాదించుకున్నారు. చివరికి నేల ముఖం చూసి ఒప్పుకున్నారు. కాల్గరీ నుంచి ఫెన్విక్ అనే లాయరొచ్చాడు. జస్టీనా ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది, పైగా ఆ పన్నులాయన చూసింది దాని పెట్టే. సాక్ష్యం అదే చెప్పాలన్నాడు లాయరు. తోడు నేను వెళ్ళాను.

లెత్‌బ్రిడ్జ్‌లో కోర్టు హాలు చల్లగా, చర్చిలా నిశ్శబ్దంగా ఉంది. జడ్జి ఆడమనిషి, జుట్టు నెరిసింది, కళ్ళు మెత్తన. ప్రభుత్వం లాయరు కుర్రాడే గాని మాట సూదిలా ఉంది.

"'ఏ ఆస్తీ' అంది చట్టం. పెద్ద ఆస్తి అనలేదు. చిన్నదైతే ఫరవాలేదనలేదు," అన్నాడు. "పన్ను చట్టం పద్యం కాదండీ, తలో అర్థం చెప్పుకోడానికి. రాసింది రాసినట్టు చదవాలి. పెట్టె ఉంది, పేరుంది, తాళముంది. అయిపోయింది."

ఫెన్విక్ లేచాడు. "ఆ వాక్యం రాసినవాళ్ళు ఇదిగో, ఈ మనుషుల్ని కళ్ళముందు పెట్టుకునే రాశారు. ఈ బతుకు నిలబడాలని రాశారు. ఎందుకు రాశారో వదిలేసి అక్షరాన్ని పట్టుకు వేలాడితే, వీళ్ళ పిల్లాడు బుగ్గలో దాచుకున్న పొద్దుతిరుగుడు గింజ కూడా ఆస్తే అవుతుంది."

నాకు నవ్వొచ్చింది. జడ్జిగారు కూడా నవ్వారు. "మాటా చూస్తాం, ముందూ వెనకా ఉన్న మాటలూ చూస్తాం, ఎందుకు రాశారో కూడా చూస్తాం. ఏ ఒక్కటీ వదలం," అన్నారు. ఎంత చక్కటి మనిషి అనుకున్నాను.

ఫెన్విక్ అక్కడితో కూచుంటే బావుండేది. కూచోలేదు. "ఇంకోమాట కూడా ఉందండీ. అక్షరం పట్టుకు చదివినా మేమే గెలుస్తాం. ఆ పెట్టెలు వాళ్ళవి కానే కావు. పెద్దలు ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు," అన్నాడు.

జడ్జిగారు జస్టీనా వైపు తిరిగారు. "ఆయన చెప్పేది నిజమేనామ్మా? మీ పెద్దలు తాళంచెవి అడిగితే?"

"ఇస్తానండీ."

"ఇవ్వనని అనొచ్చా?"

"మాలో ఎవరూ అలా అనరండీ."

"ఎప్పుడైనా అడిగారా?"

"లేదండీ."

ఆ మాటల అర్థం మీకు చెప్పాలి. మాలో చుట్టానికి ఏదైనా నచ్చి బావుందంటే, 'తీసుకో, నీదే' అంటాం. వచ్చినవాళ్ళు తీసుకోరు. తీసుకోకూడదని వాళ్ళకీ తెలుసు, మనకీ తెలుసు. బాప్తిస్మం నాడు చెయ్యీ కాలూ మనసూ అన్నీ కాలనీవేనని ఒప్పుకుంటాం. ఒప్పుకున్నాం కదాని ఎవరూ వచ్చి చెయ్యి అడగరు కదా! జస్టీనా ఇస్తానంది అంటే, వినయంగల పిల్ల అలాగే అంటుంది గనక అంది. నన్నడిగినా అదే అందును. మాలో ఎవర్ని అడిగినా అదే. బయటివాళ్ళు దాన్ని తక్కెట్లో పెట్టి తూస్తారని మాకేం తెలుసు? జడ్జిగారు తల వంచి చాలాసేపు రాసుకున్నారు. ఆ కలం ఆగలేదు.

మంచు పట్టాక తీర్పు వచ్చింది. ఫెన్విక్ స్వయంగా వచ్చి భోజనాల హాల్లో నిలబడి చదివాడు. పన్ను చట్టాల్ని ఎలా చదవాలో ముందు చాలా పేజీలున్నాయి, అవి మాకెక్కలేదు. చివరి ముక్క అందరికీ ఎక్కింది.

"సొంతం అంటే ఏమిటి? మరొకరు అడిగినప్పుడు వద్దనగలగడం. ఈ కాలనీలో ఏ స్త్రీకీ తన పెట్టె విషయంలో వద్దనే హక్కు లేదు. తాళం ఉంది, హక్కు లేదు. కాబట్టి అది ఆస్తి కాదు. కాలనీ చట్టం చెప్పిన సంస్థే."

మగాళ్ళ బల్లల వైపు హమ్మయ్య అని ఊపిరి వదిలారు. ఆడవాళ్ళ వైపు చెంచాల చప్పుడు ఆగిపోయింది. నేను జస్టీనాని చూశాను. అది పళ్ళెంలోకి చూస్తోంది.

ఫెన్విక్ వెళ్ళబోతూ వంటింటి గుమ్మం దగ్గర మా బావగారితో అన్న మాట నా చెవులారా విన్నాను. "ఒకటి గుర్తుపెట్టుకోండి. ఈ తీర్పు నిలబడింది మీ అధికారం మీద. వాడని అధికారం లేనట్టే లెక్క. వచ్చే ఏడు మళ్ళీ వస్తారు. ఎప్పుడైనా అడిగారా, ఎవరైనా వద్దన్నారా అని కూపీ లాగుతారు. అప్పుడు చెప్పడానికి మీకేదో ఉండాలి."

బావగారు గడ్డం నిమురుకున్నాడు. "ఉండాలి," అన్నాడు నెమ్మదిగా.

అక్కణ్ణించి చాపకింద నీరులా వచ్చింది. ముందు వడ్రంగి బూడిదరంగు పెయింటు డబ్బా పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాడు. పెట్టెల మీద పేర్లు కొట్టేశాడు. మా అమ్మ పేరున్న పెట్టె కూడా వదల్లేదు. నేను ఊరుకుంటానా?

"ఏం బావగారూ, పేరుంటే పెట్టెకి రెక్కలొచ్చి ఎగిరిపోతుందా?"

"కోపం తెచ్చుకోకు డొరొథియా. పేరుంటే సొంతమా అని అడుగుతారు."

"మరి రేపు మా మొహాల మీద కూడా పూస్తారా ఈ రంగు?"

ఆయన నవ్వాడు. అంత నెమ్మదైన మనిషి నవ్వితే నాకు భయమేసింది, ఏం చెప్పను!

తర్వాత తాళంచెవులు మెళ్ళో వేసుకోవద్దన్నారు, గూట్లో అందరికీ కనపడేట్టు పెట్టమన్నారు. సరే అన్నాం. మాలో ఎవరూ కాదనరు కదా. ఆ తర్వాత ప్రార్థన అయ్యాక బావగారు లేచి, విత్తనాలు వేసేలోపు ఓసారి పెట్టెలన్నీ తెరిచి చూస్తామని చెప్పాడు. ఆడవాళ్ళ బట్టలు మగాళ్ళు ముట్టుకోవడం బావుండదు గనక డొరొథియా తెరుస్తుందన్నాడు.

బయటికి రాగానే జస్టీనాని బాతుల పాక వెనక్కి లాక్కెళ్ళాను.

"ఆ ఫోటో తీసెయ్యవే. పాలగదిలో దాచు, ఇక్కడ గడ్డిలో దాచు, ఎక్కడో చోట!"

"ఎక్కడ దాచినా అది అందరి చోటే కదత్తా. నాకని ఉన్న చోటు అదొక్కటే."

"పోనీ ఆ నర్సుకి పంపెయ్. ఆవిడే దాచిపెడుతుంది."

"జడ్జిగారితో ఇస్తానన్నాను. అడగబోతున్నారని తెలిసి ముందే దాచేసి, పెట్టె తెరిచి ఇదిగో అంటే అబద్ధం కాదూ?"

"పిచ్చిమొహమా! అబద్ధం ఆడనివాళ్ళకేనా తల్లీ కష్టాలన్నీ?"

"జకారియాస్ మామయ్య అడగడులే అత్తా," అంది. "నా గుమ్మం దాకా వచ్చి అడగలేడు. వాణ్ణి మట్టిలో పెట్టింది ఆయనే కదా. ఎంత ఏడ్చాడు!"

నిజమే, ఏడ్చాడు. ఆ మాట పట్టుకుని నేనూ కాస్త ధైర్యం తెచ్చుకున్నాను.

ఆ ఉదయం గాలి మరీ పెడసరంగా ఉంది. వరసగా ఇళ్ళన్నీ తిరిగాం. నేను మూత ఎత్తడం, బావగారు గుమ్మంలో నిలబడి చూడటం. సన్నా ముసలమ్మ పెట్టెలో దుప్పట్ల కింద ఒకటే చాక్లెట్ కాగితాలు, అన్నీ ఇస్త్రీ చేసినట్టు మడతలు పెట్టి. "నోట్లో పళ్ళు లేవు, ఎందుకే నీకివి?" అని నేనంటే అందరం నవ్వాం. అదే ఆ రోజుకి ఆఖరి నవ్వు. ఇంకోచోట చిన్న రేడియో, మరోచోట గోళ్ళరంగు సీసా. బావగారు ఎవర్నీ ఒక్క మాట అనలేదు. తీసి గింజల సంచిలో వేసుకున్నాడు, అంతే. తిట్టినా బావుండేది. ఆడవాళ్ళు గోడలకి ఆనుకుని, శవం లేచిన ఇంట్లోలా నిలబడ్డారు.

జస్టీనా ఇంటికొచ్చాం. తాళంచెవి గూట్లో లేదు. దాని పిడికిట్లో ఉంది. పెట్టెకి అడ్డంగా నిలబడింది.

"జస్టీనా," అన్నాడు బావగారు.

"వద్దు మామయ్యా."

మా కాలనీలో ఆ మాట అంతకుముందు నేను వినలేదు. ఎదిగిన మనిషి నోటి నుంచి, బోధకుడి మొహం మీద, ఎప్పుడూ వినలేదు.

ఆయన టోపీ తీసి మంచం అంచున కూచున్నాడు. "నేను లాక్కోనమ్మా. వద్దంటే లేచి వెళ్ళిపోతాను. కానీ ఎవరైనా వద్దన్నారా అని వాళ్ళడుగుతారు. నేను అబద్ధమాడను. ఒక్కరు వద్దన్నా అది సొంతమే అవుతుంది. సొంతముంటే తీర్పు లేదు. తీర్పు లేకపోతే నేల లేదు. ఇంతమందిమి ఎక్కడికి పోతాం? నువ్వే చెప్పు, నువ్వెలా అంటే అలా."

చూశారా! వద్దనే హక్కే లేదన్నారు జడ్జిగారు. వద్దంటేనేమో కాలనీ కూలుతుందంటున్నాడు ఈయన. లేని హక్కుకి ఇంత బరువు ఎక్కణ్ణించి వచ్చిందో! నాకు ఒళ్ళు మండిపోయింది.

"బావగారూ, ఇది అన్యాయం. దాని నెత్తిన కొండ పెట్టి, నీ ఇష్టం అంటారా?"

"నువ్వుండు డొరొథియా."

గుమ్మం దగ్గర రూబెన్, వాడి వెనక పక్కింటివాళ్ళు, వాళ్ళ వెనక ఇంకొందరు. ఎవరూ తిట్టలేదు. అందరూ దాన్నే చూస్తున్నారు. రూబెన్, "ఇచ్చెయ్యవే. దుప్పట్లేగా," అన్నాడు.

జస్టీనా నా వైపు చూసింది. నేనేం చెయ్యగలను? నేనూ నేలని చూశాను, ఆ మనుషుల్ని చూశాను. ఎప్పుడూ మూతపడని నోరు ఆ ఒక్కసారీ పడింది.

అదే వంగి తాళం తీసింది. అడుగు నుంచి, పసిపిల్లాడి చొక్కాలో చుట్టిన ఫోటో తీసి బావగారి చేతిలో పెట్టింది.

ఆయన చూశాడు. చూసిన మరుక్షణం మొహం పక్కకి తిప్పుకున్నాడు. "ఎన్నాళ్ళ నుంచి?" అన్నాడు.

"వాడు పోయిన రోజు నుంచి."

"ఇది ఉండకూడదమ్మా. నీకు తెలుసు. నీ చేత్తోనే…"

"ఇస్తానన్నాను మామయ్యా, ఇచ్చాను. కాలుస్తానని ఎవరికీ చెప్పలేదు."

మా ఇళ్ళలో పొయ్యిలుండవు. అందుకని ఆయన దాన్ని బోర్లా పట్టుకుని నా వంటింటికే వచ్చాడు. పొయ్యి తలుపు తియ్యమన్నాడు. "నా చేత్తో తియ్యను, మీరు నన్ను వెలేసినా సరే," అన్నాను. ఆయన గుడ్డ తీసుకుని తనే తీశాడు. లోపల రొట్టెలు కాలుతున్నాయి. కింద నిప్పుల్లోకి జారవిడిచి, తలుపు వేసి, అక్కడే మోకాళ్ళ మీద కూచుని ప్రార్థించాడు. ఆయన ఏడుస్తున్నాడు. ఆ కన్నీళ్ళు చూసి నాకు జాలి పుట్టలేదు, దేవుడు నన్ను క్షమించుగాక.

జస్టీనా మర్నాడు పనికొచ్చింది. ఏడవలేదు, ముభావంగా లేదు. చెప్పిన పనల్లా చేసేది. దాని పెట్టెకి తాళం వెయ్యడం మానేసింది. మాట్లాడితే నవ్వేది. ఆ నవ్వు చూస్తే నాకు మాత్రం గుబులుగా ఉండేది. ఒకసారి ఆంటన్ పేరెత్తాను. "ఎవరత్తా?" అన్నట్టు చూసి, కూరగాయలు తరుక్కుంటూ ఉండిపోయింది.

మళ్ళీ ఆకులు రాలేటప్పుడు పన్నులవాళ్ళు రానే వచ్చారు. ఈసారి ఒకావిడ. మర్యాదస్తురాలే. బావగారు అన్నీ చూపించాడు. పెట్టెలు తెరిచామని, ఎవరూ చివరికి కాదనలేదని చెప్పాడు. ఆవిడ ఆడవాళ్ళతో కూడా మాట్లాడాలంది. మేం బాతులు కోసిన పాకలో కూచుని ఈకలు పీకుతున్నాం. బావగారు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఒక్కొక్కర్నీ అడుగుతూ ఆవిడ జస్టీనా దగ్గరికొచ్చింది.

"మీ దగ్గర్నించి పెద్దలు ఎప్పుడైనా ఏమైనా తీసుకున్నారామ్మా?"

"లేదండీ."

నా చేతిలో బాతు జారింది. జస్టీనా పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడలేదు. ఆవిడ కాగితం చూసుకుంది.

"మరి పెట్టె తెరిచి ఏదో తీసుకున్నామని బోధకుడుగారే చెప్పారే?"

"తెరిచారండీ. తీశారు. అందులో నాదంటూ ఏమీ లేదు. నా దగ్గర్నించి తీసుకోవాలంటే, ముందు నాదై ఉండాలి కదా?"

ఆవిడ తలూపింది. ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెప్తారు? రాసుకుంది. "చివరగా, ఇంట్లో ఎవరెవరున్నారో రాయాలి. మీకు పిల్లలా?"

"కాలనీలో ముప్పై మంది దాకా ఉన్నారండీ."

"కాదమ్మా, మీ సొంతం."

జస్టీనా చేతులు ఆగాయి. అది నిజంగానే ఆలోచించింది. అది తల పైకెత్తి, ఆవిడ మొహంలోకి నిదానంగా, ఏ కల్మషం లేకుండా చూసింది.

"లేరండీ. ఎప్పుడూ లేరు."

"అన్నీ సరిగ్గా ఉన్నాయండీ," అంది ఆవిడ బావగారి వైపు తిరిగి. ఆయన జస్టీనా మీంచి చూపు తిప్పకుండా టోపీ తీశాడు. జస్టీనా తల వంచుకుని మళ్ళీ ఈకలు పీకడం మొదలుపెట్టింది.